దిగేవాళ్ళ గడియారం

ఒకటి. అమావాస్య వెళ్ళాక

బీమా కంపెనీ వారికి సూరాడ ఎల్లాజీ రాసేది. గడియారం ఎలా ఉందో రోజూ రాయమన్నారు. బాగానే ఉంది. ఆడుతోంది. అద్దం మీద గీత పాతదే. ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. కానీ మీరిచ్చిన పలక నిండితే గానీ ఊరుకోవడం లేదు, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను. ఓపిక ఉంటే చదవండి.

నిన్న మీ మనిషి వచ్చింది. పేరు తరణి. గట్టు మీద పుట్టిన పిల్ల, మంచె నిచ్చెన ఎక్కేసరికే మొహం పాలిపోయింది. పాత ఊరు నీళ్ళ కింద ఉంది, దాని మీద ఇనప స్తంభాలు పాతి చెక్కలు పరిచి మంచెలు కట్టుకుని మేం ఉంటున్నాం. కింద మునిగిన ఇళ్ళలోంచి రాగి, తలుపులు, పనికొచ్చేది ఏదైనా పైకి తీస్తాం. రేవు కచేరీ మాకు కూలి ఇచ్చి తీసుకుని గట్టు మీద వాళ్ళకి అమ్ముతుంది. కింద చూస్తే కళ్ళు తిరుగుతాయని చెప్పాను. చూసింది. తిరిగాయి. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాం.

"ఈ వాచీ ఎవరిదండీ?" అని అడిగింది.

"దిగేవోళ్ళది," అన్నాను.

"అంటే?"

"నీళ్ళలోకి ఎవులు దిగితే ఆళ్ళ సేతికుంటాది. పైకొచ్చినాక నా సేతికి."

"ఒక్క పేరు చెప్పండి తాతగారూ. ఒక్క పేరే పడుతుంది ఇక్కడ."

"నాను నీకు తాతనెప్పుడయ్యానమ్మా?"

మా ముఠావాడు ఒకడు, పేరు గురువులు, నవ్వాడు. వాడూ నేనూ ఒకే ఏడు ముఠాలో చేరాం. వాడి కుడిచేతి వేళ్ళు రెండు మోకు తిప్పే చక్రంలో పోయాయి. ఆ చేతినే మీ పిల్ల ముందు పెట్టి, "నా పేరు రాసీ అమ్మా. ఇంత అందమైన సెయ్యి నీకు గట్టు మీద దొరకదు," అన్నాడు. ఆ పిల్లకి నవ్వాలో వద్దో తెలియలేదు.

దానమ్మ అప్పుడే నీళ్ళలోంచి వచ్చి జుట్టు పిండుకుంటోంది. ఇప్పుడు మా ముఠాలో దిగేది తనొక్కతే. దాని మొగుడు కూడా దిగేవాడే, కిందే పోయాడు. "నీ పేరే రాయించుకో మావా. పేరుదేటుంది," అంది.

నేను పెద్దని. రాయించుకున్నాను. బాగానే అనిపించింది కూడా.

ఈ గడియారం ఖరీదు మీకు తెలుసు, నాకక్కర్లేదు. పడమటి దేశంలో చేసింది. పేరుకి నోరు తిరగదు. మునిగిన హోటలు ఆసామి ఒకడు తన ఇనప్పెట్టె మాచేత పైకి తీయించుకున్నాడు. తీసిన రోజు కాగితాలన్నీ చంకలో పెట్టుకుని, తన చేతికున్న వాచీ విప్పి నా చేతికి కట్టి, మీకే పనికొస్తుంది అని పోయాడు. అప్పటినుంచి మా వాళ్ళెంతమంది దిగారో అంతమంది చేతుల మీదా ఉంది. దానికి బీమా చేయిద్దామని మాకెప్పుడూ తోచలేదు. ఖరీదైన వస్తువుకి బీమా లేకపోతే భద్రం కోసం తీసుకుపోతామని రేవు కచేరీ వాళ్ళు కొత్తగా రాసిపెట్టారు. కచేరీ భద్రపరిచిన వస్తువు తిరిగొచ్చిందని నేనెక్కడా వినలేదు. అందుకే మిమ్మల్ని పిలిచాం.

మీ పిల్ల గడియారాన్ని అటూ ఇటూ తిప్పి వెలుగు వేసి చూసుకుంది. దాని కింద బూడిద రంగు పట్టీ ఒకటి అతికించి నా మణికట్టుకి బిగించింది. పట్టీ నా నాడి నేర్చుకుంటుందట. నా నాడి తప్ప ఇంకో నాడి తగిలితే గడియారం పోయినట్టు లెక్కట. పోతే కంపెనీ డబ్బులివ్వదు, అచ్చు అలాంటిదే ఇంకోటి చేసి ఇస్తుంది. పోయినది తర్వాత దొరికితే అది కంపెనీది, కోసి ముక్కలు చేస్తారు.

"నీళ్ళలోకి తీసుకెళ్ళకూడదు," అంది చివర్లో, మెల్లగా.

దీపం పచ్చగా అయింది. చాలు.

రెండు. పోటు ఎక్కువ

గడియారం బాగుంది. నేను బాగాలేను.

చేతికి బరువుగా ఉంది. ఇన్నాళ్ళూ నా చేతికి ఉన్నదే, అప్పుడు బరువు లేదు. బియ్యం కడిగేటప్పుడు చెయ్యి పైకెత్తి పెట్టుకోవాల్సి వస్తోంది. ఉప్పునీళ్ళు మరగబెట్టి మంచినీళ్ళు పట్టే కుండలు కడగడం నా పనే. అదీ ఒంటి చేత్తోనే కడిగాను. గురువులు చూసి, "పెళ్ళికొడుకు సేతికి కంకణం కట్టినట్టుందిరా," అన్నాడు. వాడికి మాట రాకుండా ఉండే రోజు నేను చూడలేదు.

దానమ్మ ఇవాళ గడియారం లేకుండా దిగింది. కింద సినిమా హాలు ఉంది, దాని గోడల్లో రాగి తీగ ఉంది. కచేరీ వాళ్ళిచ్చిన గాలి సీసాతో దిగింది. పాత సీసాలకి ముల్లు ఉండేది, గాలి ఎంతుందో చూపించేది. కొత్త సీసా మీద అంకెలు వస్తాయి, ఇంకా ఎంతసేపు ఉండొచ్చో చెబుతాయి. ఆ ఎంతసేపూ కచేరీ గంటల్లో. కచేరీ గంట సంగతి గట్టు మీద మీకు తెలియకపోవచ్చు. పని వెనకబడితే గంట సాగదీస్తారు. మంచె మీదున్న గడియారాలన్నీ, సీసాలతో సహా, దాని మాటే వింటాయి. కూలి ఆ గంటకే ఇస్తారు. పైన ఉన్నవాడికి ఒళ్ళునొప్పులు తప్ప ఇంకే ముప్పూ లేదు. కింద ఉన్నవాళ్ళ సంగతి వేరు. గంట సాగుతుంది, గాలి సాగదు. అందుకే మాకు ఎవరి మాటా వినని గడియారం కావాలి.

దానమ్మ పైకొచ్చేసరికి పెదాలు నల్లగా ఉన్నాయి. చెక్కల మీద బోర్లా పడింది. సీసా మీద అంకె ఇంకా కనబడుతూనే ఉంది.

"ఏటైందే?" అన్నాను.

వెల్లకిలా తిరిగింది. "ఇంకా ఉందంతాది మావా అది. నా లోపలేమో నేదు."

"ముందే వొచ్చీలేకపోయావా?"

"ముందంటే ఎప్పుడో ఎలా తెలుస్తాది? ఆ గోడ సివర దాకా ఎళ్ళి తీగ కోత్తన్నాను. నాకు లోపల పగలో రేత్రో తెలీదు."

గురువులు నా చేతివైపు చూశాడు.  

మూడు. పాటు, నీళ్ళు తగ్గాయి

ఇవాళ గడియారాన్ని దానమ్మ చేతికి కట్టి దింపాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నీళ్ళలో దాని తల మునిగిందో లేదో, పలక అరవడం మొదలెట్టింది. తర్వాత తరణి గొంతు వచ్చింది.

"ఎల్లాజీ గారూ! మీరు బతికే ఉన్నారా?"

"నీతో మాటాడుతున్నది ఎవులనుకున్నావు?"

"మీ నాడి ఆగిపోయిందని వచ్చిందండీ ఇక్కడ. తర్వాత వేరే నాడి వచ్చింది. ఎవరైనా లాక్కున్నారా?"

"నానే కట్టాను. దానమ్మకి. సినిమా హాల్లోకి దిగింది."

 అవతల ఆ పిల్ల గొంతు తగ్గించింది. "చూడండీ, ఇది నేను సర్దుతాను. స్నానానికి విప్పారని రాస్తాను. మీరు మాత్రం మీ పలకలో ఈ సంగతి రాయకండి. రాస్తే పైవాళ్ళకి వెళ్ళిపోతుంది."

"రోజూ రాయమన్నది మీరే కదా?"

"అవునండీ, కానీ..."

"మరైతే రాత్తాను."

"ఎల్లాజీ గారూ, మీ మంచికే చెబుతున్నాను."

"నాకు తెలుసమ్మా. నువ్వు మంచిదానివే. నానే రాత్తాను."

దానమ్మ ఇవాళ సీసా మీద అంకె బోలెడు ఉండగానే పైకి వచ్చేసింది. పెదాలు బాగున్నాయి. వాచీ విప్పి నా చేతికి కట్టి, తీగ చుట్టలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఆ తీగ తక్కువుందని కచేరీ గుమస్తా సణిగాడు. వాడు నీళ్ళలోకి చేతులు కూడా పెట్టడు.

పలక పచ్చగా అయ్యే వేళకి గురువులు నా భుజం మీదుగా చూశాడు. వాడికి చదువు నాకన్నా తక్కువే గానీ దానమ్మ పేరు పోల్చుకున్నాడు.

"ఇది పంపుతావేటి?"

"పంపుతాను."

"ఒరే, నీకు సిన్నప్పుడే నెత్తి మీద మోకు పడుంటే బాగున్నురా. ఒక్క ముక్క, నా సేతికే ఉంది, బాగుంది అని రాసీలేవా?"

"నా సేతికి నేదు కదా."

"దానమ్మ ఊపిరి పెద్దదా, నీ నిజం పెద్దదా?"

 అయినా పంపాను. ఈ వయసులో అబద్ధం నేర్చుకోవాలంటే చాలా పని.

నాలుగు. గాలి లేదు

మీ ఉత్తరం వచ్చింది. పలక చదివి వినిపించింది, మగ గొంతుతో. నా చేతికున్న గడియారం పోయినట్టు మీరు నిర్ణయించారట. దానికి బదులు కొత్తది పంపుతున్నారట. రేపు తరణి తెచ్చి, పోయిన గడియారాన్ని నా దగ్గర నుంచి తీసుకుని కోయిస్తుందట.

పోయిన గడియారం ఈ ముక్క రాస్తుండగా నా చేతి మీద ఆడుతోంది. చెవి దగ్గర పెట్టుకుని మరీ విన్నాను.

మీ మీద కోపం లేదు. ఓపిక లేదు, అంతే. పొద్దున్నే కుండలు కడిగాను, వల బాగు చేశాను, వంట చేశాను, ముఠాలో ఇద్దరికి జ్వరం వస్తే కషాయం కాచాను. ఇంత పని మధ్య, ఉన్న వస్తువు ఉందని ఎవరితో వాదించను?

కొత్తదానికీ పట్టీ ఉంటుంది. నా నాడే కావాలి. నీళ్ళు తగలకూడదు. అంటే అది చేతికి పెట్టుకునే ముద్దు వస్తువు. దానమ్మకి పనికి రాదు. వద్దంటే ఉన్నదానికి బీమా ఉండదు, బీమా లేదని కచేరీ పడవ వచ్చి పట్టుకుపోతుంది. ఎటు తిప్పినా దానమ్మ మళ్ళీ సాగే గంటతోనే దిగాలి.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం.

"కొత్తది ఆళ్ళకి కోతకిచ్చి పాతది ఉంచీసుకుందాం," అన్నాడు గురువులు.

"వాచీ లోపల దాని అంకె ఉంటాదిరా, సూసుకుంటారు. ఆళ్ళు సూడకపోయినా నాను సెప్పీసుకుంటాను."

"సెప్పీసుకుంటావు. ఆ సంగతి మంచె మంచెకీ తెలుసు."

నేను దానమ్మతో, "ఇంక దిగకే," అన్నాను. "నాలుగు రోజులు ఒగ్గీ. ఏదో ఒకటి సూద్దాం."

"దిగకపోతే ఏటి తింటాం మావా? ఈ ముఠాకి తీగ తెచ్చేది నాను. నువ్వు తెత్తావా?"

"నా మోకాళ్ళు బాగుంటే తెచ్చీవోణ్ణే."

"నీ మోకాళ్ళు బాగుంటే నీకు ఇంత పంతం ఉండదు."

అది లేచిపోయింది. గురువులు నవ్వలేదు. దాని మొగుడు కింద పోయిన ఏడు మాకింకా గడియారం రాలేదు. 

ఐదు. అల ఉంది

పొద్దెక్కాక మీ పడవ వచ్చింది. తరణి ఈసారి కిందకి చూడకుండా నిచ్చెన ఎక్కింది. నేర్చుకుంటోంది. చేతిలో నల్ల పెట్టె. తెరిచింది. అచ్చు మాదే. అద్దం మీద గీత కూడా అలాగే చేశారు. ఎవరి చెయ్యో గానీ మంచి పనివాడిది.

"కచేరీ పడవ వెనకే వస్తోందండీ," అంది. "మీరు పాతది నాకిచ్చి దీన్ని పెట్టుకుంటే వాళ్ళకి మీతో పని లేదు. దయచేసి ఇచ్చెయ్యండి."

"దీన్ని దానమ్మ పెట్టుకుని దిగొచ్చా?"

"కుదరదండీ."

"దానమ్మకి బీమా సేత్తారా?"

"దిగేవాళ్ళకి చెయ్యరండీ."

"ఏం?"

ఆ పిల్ల తల వంచుకుంది. "పోతే అలాంటిదే ఇంకోటి చేసి ఇవ్వాలి కదా."

గురువులు మీ పిల్లని తిట్టబోయి మానేశాడు. తిట్టడానికి అది చేసిందేమీ లేదు. వద్దన్నా దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, బట్టీ పట్టినట్టు మొదలెట్టింది. "నీటికి పైన ఉన్న ఆస్తికే మా బీమా. నీటి కింద ఉన్నది ఎవరి ఆస్తీ కాదని కచేరీయే రాసుకుంది. అందుకే మాకు..."

"ఆగు," అన్నాను. "అది మళ్ళీ సెప్పు."

చెప్పింది. ఊరు మునిగినప్పుడు ఇళ్ళు పోయినవాళ్ళంతా మా ఇల్లు కింద ఉంది, నష్టం కట్టండి అని కచేరీ మీద పడ్డారట. ఆ గొడవ వదిలించుకోవడానికి, నీళ్ళ కింద ఉన్నది ఎవరిదీ కాదు, పైకి తెచ్చేదాకా దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు అని రాసి పడేశారట. ఇప్పటికీ అలాగే ఉందట. మేం సినిమా హాల్లో తీగ కోసుకుంటున్నది కూడా ఆ మాట మీదేనట. ఇన్నేళ్ళు దాని మీద బతికాను, నాకు తెలియదు.

"కచేరీది కూడా కాదా?"

"కాదండీ."

"మీది?"

"మాది అసలే కాదు."

కచేరీ పడవ మోత వినబడుతోంది. నేను పట్టీ ఉన్న చెయ్యి చాపి, "దీన్ని కొయ్యి," అన్నాను. తరణి నా మొహం చూసింది. అడగకుండానే కోసింది. గడియారం విప్పాను. దానమ్మ సీసా తగిలించుకుని సిద్ధంగానే ఉంది.

"తీసుకెళ్ళి కిందే ఒగ్గీ," అన్నాను. "పాటులో నీళ్ళు తగ్గినా బైటపడని సోట, మన స్తంభానికి కట్టు. దిగినప్పుడల్లా అక్కడ తీసి పెట్టుకో. పైకొచ్చే ముందు మళ్ళీ అక్కడే కట్టీ. నీళ్ళు దాటించకు. కింద ఉన్నంతసేపూ అది ఎవులిదీ కాదు."

గురువులు నోరు తెరిచాడు. "ఒరే, అది సేతి మీద ఆడితే తిరిగే వాచీ. స్తంభానికి కడితే మూడోనాటికి ఆగిపోతాదిరా."

అది నిజమే. నాకు తోచలేదు. 

దానమ్మ గడియారాన్ని చేతికి కట్టుకుంటూ, "బిగించి కడితే ఆగిపోతాది," అంది. "జానెడు తాడుకి యేలాడగడతాను. అల ఊరుకుంటాదేటి మావా? పగలూ రేత్రీ ఊపుతానే ఉంటాది."

దిగిపోయింది.

కచేరీ మనుషులు ఇద్దరు ఎక్కారు. నా చేతులు రెండూ చూపించాను. ఎక్కడుంది అన్నారు. నీళ్ళలో అన్నాను. పారేశావా అన్నారు. లేదు, ఎక్కడుందో నాకు తెలుసు అన్నాను. తరణి వాళ్ళ రూలు వాళ్ళకే చదివి వినిపించింది. ఒక్క ముక్క వదలకుండా చదివింది. వాళ్ళు చెక్కల సందుల్లోంచి కింద నల్లటి నీళ్ళవైపు చూసి, దిగాలనే ఆలోచన మొహంలోకి రాకముందే పడవ ఎక్కారు.

తర్వాత ఆ పిల్ల పెట్టె నా ముందుకి తోసింది. "పాతది పోయిందని ఒక్క మాట రాస్తే ఇది మీదేనండీ. న్యాయంగానే వస్తుంది."

"పోలేదు కదమ్మా."

"మీ చేతికి ఏమీ ఉండదు ఇంక."

"ఉండదు."

"ఒక్కసారి చూసుకోవాలన్నా..."

"నాను దిగలేను. తెలుసు."

పెట్టె మూసింది. పోయేటప్పుడు గురువులు నిచ్చెన పట్టుకున్నాడు, ఊగకుండా. ఆ వేళ్ళు తక్కువైన చేత్తోనే.

ఆరు. పోటు తగ్గింది

ఇది ఆఖరుది. పలక రేపటి పడవలో మీకు వచ్చేస్తుంది. బీమా అక్కర్లేదు. నా పేరు కొట్టెయ్యండి. ఇంకో పేరు రాయకండి.

మణికట్టు మీద తెల్లటి చార పడింది. అక్కడ దురద. గడియారం పెట్టుకున్నవాడిని పది మంచెల వాళ్ళు పేరు పెట్టి పిలిచేవారు. నిన్న పక్క మంచెవాడు చూసి, అమ్ముకున్నావా అన్నాడు. అవునని అనలేదు, కాదని చెప్పే ఓపికా లేదు.  అనుకుంటే అనుకోనీ.

ఇవాళ దానమ్మ దిగింది. నేను పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను. కచేరీ కూత ఆలస్యంగా కూసింది, గంట సాగదీశారన్నమాట. గురువులు చెక్కల అంచున కూర్చుని నీళ్ళవైపు చూస్తున్నాడు, నేను చూడలేదు. బియ్యంలో రాళ్ళు ఏరాను. ఎసరు పొంగింది. బియ్యం వేశాను.

అన్నం ఇంకా పలుకు మీద ఉండగానే నిచ్చెన చప్పుడైంది. దానమ్మ సీసా దించి గోడకి ఆనించింది. సీసా మీద అంకె ఇంకా బోలెడు ఉంది. మొహం కడుక్కుని వచ్చి పొయ్యి పక్కన కూలబడింది.

"ఆకలేత్తంది మావా. అయిందా?"

"ఇంకా అవలేదు. బేగి వొచ్చీసావు."

"వొచ్చీసాను," అంది.

ఇద్దరం గిన్నెకేసి చూస్తూ కూర్చున్నాం. గడియారం సంగతి అడగాలనుంది.  మంట కాస్త ఎగదోశాను.